రాయి నిలబెడితే సరిపోదు: దేవుడు చేసిన మేలులను మరచిపోకుండా ఉండటం ఎలా

కష్టంలో ఉన్నప్పుడు దేవుణ్ణి గుర్తు చేసుకోవడం ఎవరికీ నేర్పక్కర్లేదు. రిపోర్టులు రావాల్సిన రోజుకు ముందు రాత్రి, ఉద్యోగం పోయిన నెలలో, పిల్లాడికి జ్వరం తగ్గని వారంలో మోకాళ్లు వాటంతటవే వంగుతాయి. తంటా అంతా ఆ తర్వాతే. జవాబు వస్తుంది, ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్తాం, అందరూ స్తోత్రం అంటారు, కొన్నాళ్లు గడిచేసరికి అదేదో మామూలుగా జరిగిపోయిన పనిలా అనిపించడం మొదలవుతుంది. ఇంకో కష్టం రాగానే మళ్లీ జీవితంలో మొదటిసారి ప్రార్థన చేస్తున్నవాళ్లలా కంగారు పడతాం. ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయంలో మోషే ప్రజలను హెచ్చరించింది కూడా దీని గురించే. కడుపునిండా తిని, మంచి ఇళ్లు కట్టుకుని, పశువులూ వెండీ బంగారం పెరిగిన తర్వాత మీ దేవుణ్ణి మరచిపోతారు, జాగ్రత్త అన్నాడు.

బైబిల్లో "జ్ఞాపకం చేసుకోండి" అన్నది ఆజ్ఞగా వస్తుంది. ఆజ్ఞ అన్నాక పాటించే పద్ధతి ఒకటి ఉండాలి కదా, ఇక్కడ రాస్తున్నది ఆ పద్ధతే.

మొదలు యెహోషువ 4వ అధ్యాయం చదవండి. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటాక గోత్రానికి ఒకరు చొప్పున పన్నెండు మంది, నది మధ్యలో యాజకులు నిలబడిన చోటి నుంచే తలా ఒక రాయి భుజాన ఎత్తుకుని వచ్చారు. వాటిని గిల్గాలులో నిలబెట్టారు. ఎందుకంటే రేపు పిల్లలు "ఈ రాళ్లెందుకు?" అని అడగాలి, పెద్దలు జరిగింది చెప్పాలి. అంటే రాయి పని ప్రశ్న పుట్టించడం వరకే, జవాబు మనిషి చెప్పాల్సిందే. పస్కాకు కూడా ఇదే ఏర్పాటు: నిర్గమకాండం 12:26లో "ఈ ఆచారమేమిటి" అని పిల్లలు అడగబోయే ప్రశ్నను ముందే రాసిపెట్టారు. ఇంత చేసినా న్యాయాధిపతులు 2:10కి వచ్చేసరికి యెహోవాను గానీ, ఇశ్రాయేలు కోసం ఆయన చేసిన కార్యాలను గానీ ఎరగని తరం ఒకటి పుట్టుకొచ్చింది. గిల్గాలు రాళ్లను ఎవరో ఎత్తుకుపోయారని అక్కడ రాసి లేదు. ఆగిపోయింది చెప్పే నోళ్లే అయ్యుండాలి.

కాబట్టి కింద చెప్పే ప్రతి పనినీ ఒకే కొలతతో చూడండి. దీన్ని చూసి ఎవరైనా అడుగుతారా, అడిగితే చెప్పడానికి ఒకరున్నారా?

ముందు ఒక్క వాక్యం రాయండి

ఏ మేలును గుర్తుపెట్టుకోవాలనుకుంటున్నారో దాన్ని ఒకే వాక్యంలో రాయండి. రాశాక, ఆ వాక్యంలో పని చేసింది ఎవరో చూడండి. "దేవుని కృపవల్ల నేను కష్టపడి ఈ స్థాయికి వచ్చాను" అని రాస్తే దాన్ని కొట్టేసి మళ్లీ రాయండి, ఎందుకంటే అందులో దేవుడు మొదట్లో ఒక్కసారి కనబడి వెళ్లిపోయాడు. మన సాక్ష్యాల్లో ఇది తరచూ జరిగేదే. "దేవుని కృప" అన్న మాటతో మొదలవుతుంది, ఆ తర్వాతంతా నేను, నా తెలివి, నా పట్టుదల. వినేవాళ్లకు తెలిసిపోతూనే ఉంటుంది, చెప్పేవాళ్లకే తెలియదు. సౌలు అమాలేకీయుల మీద గెలిచాక కర్మెలులో తన కోసం జ్ఞాపకార్థ శిల నిలుపుకున్నాడు (1 సమూయేలు 15:12), దేవుడు అతన్ని రాజుగా ఉండకుండా తోసేసిన సంగతి కూడా అదే అధ్యాయంలో ఉంది. అబ్షాలోము కూడా తన పేరు నిలబెట్టడానికి కొడుకులు లేరని రాజు లోయలో ఒక స్తంభం కట్టించుకున్నాడు.

వీళ్లకు ఎదురుగా సమూయేలును పెట్టి చూడండి. ఫిలిష్తీయుల మీద గెలిచాక మిస్పాకూ షేనుకూ మధ్య రాయి నిలిపి, దానికి ఎబెనెజరు అని పేరు పెట్టి, "ఇంతవరకు యెహోవా మనకు సహాయము చేసెను" అన్నాడు. వాక్యం మొత్తంలో సమూయేలు పేరు లేదు, సైన్యం ఊసు లేదు. "ఇంతవరకు" అన్న మాట నాకు చాలా ఇష్టం, రేపటి గురించి గొప్పలేమీ పోకుండా, జరిగినంత మేరకే సాక్ష్యం. ఇంకో సంగతి, ఎబెనెజరు పేరు 1 సమూయేలు 4వ అధ్యాయంలో కూడా కనబడుతుంది, అక్కడ అది ఓటమి కథ. ఇశ్రాయేలీయులు అక్కడ దిగి యుద్ధానికి వెళ్లి, ఓడిపోయి, దేవుని మందసాన్ని కూడా పోగొట్టుకున్నారు. అంటే ఆ రోజు రాయి చూసినవాళ్లలో పెద్దవాళ్లకు ఆ పేరు వినగానే పాత సిగ్గు కూడా గుర్తొచ్చి ఉంటుంది. అందుకే మీ వాక్యంలో మీ ఓటమికి చోటుంటే దాన్ని దాచకండి. అప్పు తీరిన సంగతి మాత్రమే చెప్పి, ఆ అప్పు మన దుబారా వల్లే పెరిగిందన్న భాగం మింగేస్తే, వినే పిల్లలకు దేవుని కనికరం ఎంతదో సగమే అర్థమవుతుంది.

ప్రతి మేలుకూ గుర్తు పెట్టాలని మాత్రం చూడకండి. పార్కింగ్ దొరికినందుకు స్తోత్రం చెప్పడంలో తప్పేం లేదు గానీ, దానికి స్మారకం అక్కర్లేదు. ఇది లేకపోతే నా విశ్వాసం ఇలా ఉండేది కాదు అని మీరు నిజంగా అనగలిగేవి జీవితంలో కొన్నే ఉంటాయి, వాటికి చాలు.

ఆలస్యం చేయకుండా రాసుకోండి

జరిగిన రోజే రాయండి, కుదరకపోతే ఆ వారంలోనైనా. ఆలస్యమైతే జ్ఞాపకం తనంతట తానే కథను అందంగా సర్దేస్తుంది, అప్పుడున్న భయం, అనుమానం, దేవుడి మీద వచ్చిన కోపం అన్నీ రాలిపోతాయి. మిగిలేది నున్నటి సాక్ష్యం, అది మీకే మళ్లీ కష్టకాలంలో పనికి రాదు, "అప్పుడు నేను బాగా నమ్మాను, ఇప్పుడు నమ్మలేకపోతున్నాను" అని మిమ్మల్ని మీరే తిట్టుకోవడానికి తప్ప.

బ్లేజ్ పాస్కల్ పేరు గణితంలోనో భౌతికశాస్త్రంలోనో వినే ఉంటారు. 1654 నవంబర్ 23 రాత్రి దాదాపు పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఆయనకు దేవుని సన్నిధి అనుభవమైంది. ఆయన దాన్ని తేదీతో సహా, గంటలతో సహా రాసుకున్నాడు. పెద్ద వ్యాసమేం కాదు, తెగిన తెగిన మాటలు. ఆ కాగితాన్ని కోటు లోపలి గుడ్డలో కుట్టుకున్నాడు. 1662లో చనిపోయాక ఆయన బట్టల్లో అది దొరికేదాకా దాని సంగతి లోకానికి తెలియదు. అందరికీ చెప్పుకోలేని అనుభవాలు కొన్ని ఉంటాయి, వాటిని స్టేజీ ఎక్కించకపోయినా నష్టం లేదు. కానీ రాసి ఉండాలి. రాసి ఉంది కాబట్టే ఆయన పోయాక కూడా ఆ కాగితం మాట్లాడింది.

ఏం రాయాలి? తేదీ, ఏం అడిగారు, మీరు అనుకున్నట్టే జరిగిందా లేక వేరేగా జరిగిందా, ఆ సమయంలో దేవుడు ఎవరిని పంపాడు, ఇంకా జవాబు రానిది ఏముంది. ఈ చివరిది తప్పకుండా రాయండి. ఆపరేషన్ బాగా జరిగింది గానీ నొప్పి తగ్గలేదు అంటే అలాగే రాయండి. మీకు సాయం చేసినవాళ్ల పేర్లు కూడా రాయండి, దేవునికి మహిమ ఇవ్వడమంటే రాత్రంతా హాస్పిటల్లో కూర్చున్న మనిషిని మరచిపోవడం కాదు. ఫోన్లో రాసుకున్నా సరే, నా ఓటు మాత్రం నోట్‌బుక్‌కే. ఫోన్ మారినప్పుడు అన్నీ వస్తాయంటారు, రావు, వచ్చినా అందులో ఉన్నట్టు ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. పుస్తకం అల్మారాలో ఉంటే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తెరుస్తారు.

గుర్తు ఎలాంటిదై ఉండాలి

గిల్గాలు రాళ్ల గురించి ఒక సంగతి గమనించండి. అవి నది అడుగు నుంచి, పని జరిగిన చోటి నుంచే వచ్చాయి. నిర్గమకాండం 16లో మన్నాను ఒక ఓమెరు కొలిచి పాత్రలో దాచమన్నారు, అది రోజూ తిన్న ఆహారమే. సంఖ్యాకాండం 15లో బట్టల అంచులకు నీలి సూత్రంతో కుచ్చులు పెట్టుకోమన్నారు, రోజూ వేసుకునే బట్టలకే. దీన్ని బట్టి మీ గుర్తు కొనుక్కొచ్చిన వస్తువు కావాల్సిన పని లేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ చేతికి కట్టిన హాస్పిటల్ బ్యాండ్, తిరస్కరించిన ఉద్యోగం ఉత్తరం, ఖాళీ చేయాల్సి వచ్చిన ఇంటి పాత తాళంచెవి. ఇలాంటివి చూస్తే ఇంటికొచ్చినవాళ్లు "ఇదెందుకు దాచారు?" అని అడుగుతారు. బంగారు అక్షరాల వాక్యం ఫ్రేమును చూసి ఎవరూ ఏమీ అడగరు, బాగుంది అంటారు అంతే.

వాక్యాలు గోడ మీద పెట్టొద్దని కాదు. కానీ ఏళ్ల తరబడి ఒకే చోట ఉంటే కంటికి అలవాటైపోయి, ఇంట్లోవాళ్లకే కనబడడం మానేస్తుంది. అప్పుడప్పుడూ చోటు మార్చండి, లేదా కొన్నాళ్లు తీసేసి మళ్లీ పెట్టండి. తీసేసినప్పుడు "అది ఏమైంది?" అని ఎవరూ అడగకపోతే దాని పని ఎప్పుడో అయిపోయిందన్నమాట.

ఒక తేదీ, ఆ తేదీన ఒక పని

"అమేజింగ్ గ్రేస్" పాట రాసిన జాన్ న్యూటన్ 1748 మార్చిలో అట్లాంటిక్ మీద తుఫానులో చిక్కుకున్నాడు, ఓడ మునిగేలా ఉండగా కనికరం కోసం దేవుణ్ణి అడిగాడు, బతికాడు. అప్పటి నుంచి మార్చి 21ని ఏటేటా ప్రార్థనతో, కృతజ్ఞతతో గడిపేవాడు. ఆ కథ చాలా ప్రసంగాల్లో విని ఉంటారు, సాధారణంగా అక్కడితో ఆపేస్తారు. మిగతాది కూడా చెప్పాలి. ఆ తుఫాను తర్వాత కూడా ఆయన బానిసల వ్యాపారం చేసే ఓడల్లో పనిచేశాడు, కెప్టెన్‌గా కూడా. 1754లో అనారోగ్యం వల్ల సముద్రం వదిలాడు. మారుమనస్సు తేదీని పండుగలా గుర్తుపెట్టుకుంటూనే మనుషుల్ని సంకెళ్లతో తీసుకెళ్లిన సంవత్సరాలున్నాయి. స్మారక దినం పాటించడం ఒక్కటే మనిషిని మార్చేయదని ఇంతకంటే గట్టిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

తర్వాత ఇంగ్లండులోని ఓల్నీలో పాస్టర్‌గా ఉన్నప్పుడు ఆయన తన గదిలో ద్వితీయోపదేశకాండం 15:15 రాయించుకున్నాడు: ఐగుప్తులో నువ్వు దాసుడివై ఉండగా యెహోవా నిన్ను విమోచించాడని జ్ఞాపకం చేసుకో అన్న మాట. ఈ వచనం చుట్టూ ఉన్న వచనాలు చదవండి. అవి బానిసను విడిచిపెట్టడం గురించి, విడిచిపెట్టేటప్పుడు వట్టి చేతులతో పంపకుండా మంద నుంచి, కళ్లం నుంచి ధారాళంగా ఇచ్చి పంపడం గురించి. అంటే జ్ఞాపకం చేసుకోమన్నది ఎదుటివాడికి ఏదైనా ఇవ్వడానికే. న్యూటన్ 1788లో తాను చేసిన పనుల గురించి సిగ్గుతో ఒప్పుకుంటూ బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా చిన్న పుస్తకం అచ్చు వేయించాడు, ఆ వ్యాపారాన్ని నిషేధిస్తూ బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసిన 1807లోనే, డిసెంబర్‌లో, చనిపోయాడు.

కాబట్టి తేదీ పెట్టుకుంటే దానికి ఒక పని జతచేయండి. ఆ రోజు నోట్‌బుక్ తీసి ఇంట్లో గట్టిగా చదవండి, ఒక కీర్తన పాడుకోండి, ఆ తర్వాత మీరు ఏ కష్టం నుంచి బయటపడ్డారో అదే కష్టంలో ఇప్పుడున్న ఒకరికి ఏదైనా చేయండి. అప్పులోంచి బయటపడినవాళ్లు అప్పులో ఉన్నవాళ్లకు, బిడ్డ దక్కినవాళ్లు హాస్పిటల్లో బిడ్డతో ఉన్నవాళ్లకు. చేసిన పనిని ఫొటో తీసి పెట్టక్కర్లేదు. ఆ రోజు కుదరకపోతే టెన్షన్ పడకండి, మరో రోజు చేయండి. తేదీ మన కోసం ఉంది.

కొన్ని తేదీలు మాత్రం మనం పెట్టుకోకుండానే వస్తాయి, గాయమైన తేదీలు. అవి రాగానే గుండె దడ, నిద్ర పట్టకపోవడం ఉంటే ఆ రోజును బలవంతంగా కృతజ్ఞతా దినం చేయకండి. 77వ కీర్తన రాసిన ఆసాపు దేవుడు చేసిన పాత కార్యాలను తలచుకోవడానికి ముందు, "దేవుడు కటాక్షించడం మానేశాడా" అని అడిగే దాకా వెళ్లాడు. ముందు ఆ ప్రశ్నలు అడగనివ్వండి. అవసరమైతే కౌన్సిలర్ దగ్గరకు వెళ్లండి, అది విశ్వాసం తక్కువై చేసే పనేం కాదు.

ప్రభువు బల్ల దగ్గరకు వచ్చే ముందు

ఇంతవరకూ చెప్పినవన్నీ మనం ఎంచుకునే గుర్తులు. ఇది మాత్రం ప్రభువే పెట్టి వెళ్లిన గుర్తు. "నన్ను జ్ఞాపకము చేసికొనుటకు దీనిని చేయుడి" అన్నాడు. రొట్టె, ద్రాక్షారసం దగ్గర అసలు ఏం జరుగుతుందన్న దానిమీద సంఘాలు ఒక్క మాట మీద లేవు. 1529లో మార్బర్గ్‌లో ప్రొటెస్టెంట్ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చుని చాలా విషయాల్లో ఒప్పుకుని కూడా ఈ ఒక్క దాని దగ్గర విడిపోయారు. కాథలిక్, ఆర్థడాక్స్ సంఘాల బోధ వేరు. మీ సంఘం ఏది నమ్మినా, జ్ఞాపకం చేసుకోమన్న ఆజ్ఞ అందరికీ ఒకటే, కాబట్టి సిద్ధపడే పద్ధతి చెప్తాను.

ముందు రోజు రాత్రి ఒక సువార్తలోని శ్రమల భాగాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవండి, మార్కు అయితే 14, 15 అధ్యాయాలు, అరగంటలోపే అయిపోతుంది. ఆదివారం ఉదయం హడావిడిలో కూర్చుని అప్పటికప్పుడు సిలువను ఊహించుకోవాలంటే చాలామందికి రాదు, అదేదో తమ పాపం అనుకుని బాధపడతారు. కన్నీళ్లు రాకపోతే జ్ఞాపకం చేసుకోనట్టు కాదు. ప్రభువు ఏడవమనలేదు, తినమన్నాడు, తాగమన్నాడు.

రెండోది, 1 కొరింథీయులకు 11ను 17వ వచనం నుంచి చదవండి. మనం మామూలుగా 23 నుంచి మొదలుపెడతాం, అందుకే "ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను" అన్న మాట ఎందుకు వచ్చిందో తెలియదు. కొరింథు సంఘంలో డబ్బున్నవాళ్లు ముందే తినేసి మత్తులో ఉంటే లేనివాళ్లు ఆకలితో కూర్చున్నారు, పౌలు కోపం దాని మీద. కాబట్టి పరీక్షించుకోవడమంటే నిన్నటి చిన్నా పెద్దా పాపాల లిస్టు తీయడంతో ఆగదు. మీ సంఘంలో మీరు ఎవరిని చిన్నచూపు చూస్తున్నారు, ఎవరితో మాటల్లేవు? వాళ్లకు ముందే ఫోన్ చేయండి. బల్ల దగ్గర ఉన్నప్పుడు గుర్తొస్తే, ఆరాధన అయ్యాకైనా వెళ్లి మాట్లాడండి.

పౌలు ఇంకోటి అన్నాడు, ప్రభువు వచ్చేవరకు ఆయన మరణాన్ని ప్రచురిస్తున్నారని. ప్రచురించడం అంటే చెప్పడమే. పక్కన కూర్చున్న పిల్లలకు, కొత్తగా వచ్చినవాళ్లకు ఇది ఏంటో ఎవరు చెప్తున్నారు? చాలాచోట్ల ఎవరూ చెప్పరు, తీసుకోవద్దని మాత్రం చెప్తారు.

చనిపోయినవారి జ్ఞాపకార్థ కూడిక పెట్టాల్సి వస్తే

ఇక్కడ జాగ్రత్తగా నడవాలి, ఎందుకంటే దుఃఖంలో ఉన్న ఇంట్లో సిద్ధాంతం చర్చించడం అంత మొరటు పని ఇంకోటి లేదు. కాథలిక్కులు నవంబర్ 2న మృతులందరి కోసం ప్రార్థిస్తారు, ఆర్థడాక్స్ సంఘాల్లోనూ మృతుల కోసం ప్రార్థనలున్నాయి. ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది మృతుల కోసం ప్రార్థించరు, వారి జీవితం కోసం దేవునికి కృతజ్ఞత చెప్తారు, మిగిలినవాళ్ల కోసం ప్రార్థిస్తారు. మీరు కుటుంబంలో మరో సంఘానికి చెందినవాళ్లయితే ఆ రోజుకు ఆ ఇంటివాళ్ల పద్ధతిని గౌరవించి కూర్చోండి. సందేహాలుంటే తర్వాత అడగొచ్చు.

అసలు ఈ కూడిక ఎందుకో రెండో శతాబ్దం నాటి స్ముర్న సంఘం బాగా చెప్పింది. తమ బిషప్పు పోలికార్పు హతసాక్షి అయ్యాక ఎముకలు ఏరి దాచి, ఆయన మరణించిన రోజును ఏటా పుట్టినరోజులా జరుపుకుంటామని ఉత్తరం రాశారు. ఇంతకుముందు పోరాడినవారి జ్ఞాపకం కోసం, ఇకముందు పోరాడబోయేవారి సిద్ధపాటు కోసం అని కారణం చెప్పారు. క్రీస్తునైతే ఆరాధిస్తాం, హతసాక్షులనైతే ఆయన శిష్యులు కాబట్టి ప్రేమిస్తాం అని గీత కూడా గీశారు. హెబ్రీయులకు 13:7 కూడా ఇంచుమించు ఇదే అంటుంది: వాక్యం బోధించిన నాయకులను జ్ఞాపకం చేసుకుని వారి విశ్వాసాన్ని అనుసరించండి.

దీన్నే పట్టుకుని కూడిక కట్టండి. మాట్లాడేవాళ్లను ముందే ఎంచుకోండి, మైకు ఎవరికి పడితే వారికి ఇస్తే చనిపోయిన మనిషి గురించి తప్ప అన్నీ వినాల్సి వస్తుంది. ఒక్కొక్కరికి "ఆమె దగ్గర మీరు నేర్చుకున్న ఒక్క పని చెప్పండి" అని అడగండి. పుట్టింది ఇక్కడ, చదివింది అక్కడ, ఎంతమంది సంతానం అన్న వివరాలు ఒక కాగితం మీద ఉంటే చాలు. మార్కు 14లో యేసు తల మీద అత్తరు పోసిన స్త్రీకి ఆ సువార్తలో పేరు కూడా లేదు, చేసిన ఒక్క పని మాత్రం సువార్త ప్రకటించే ప్రతిచోటా చెప్పుకుంటారని ప్రభువే మాటిచ్చాడు. ఒక్క నిజమైన పని చెప్పినా మనిషి కళ్లముందు నిలబడుతుంది.

పోయినవారిని దేవదూతను చేయకండి. కోపిష్టి అయితే, ఇంటివాళ్లు సరేనంటే, నవ్వుతూ అది కూడా చెప్పండి, కింద కూర్చున్నవాళ్లకు ఊపిరి ఆడుతుంది. వాళ్ల వల్ల నిజంగా గాయపడినవాళ్లు ఆ గదిలో ఉండొచ్చు, అబద్ధపు పొగడ్త వాళ్లకు రెండో గాయం. అలాంటప్పుడు తక్కువ మాట్లాడి, వాక్యం ఎక్కువ చదివి ముగించడం మంచిది. "అంతా దేవుని చిత్తం" అన్న మాటను కుటుంబం అంటే అననివ్వండి, మీరు ముందుగా అనకండి. ప్రసంగం చిన్నగా ఉండాలి. పాస్టర్ గారు ఆ రోజు సంఘానికి రానివాళ్లను మందలించే అవకాశంగా వాడుకుంటే వాళ్లు మళ్లీ ఎప్పటికీ రారు.

సమాధి రాయి గురించి. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ క్రైస్తవులు తమ శ్మశానంలో రాళ్లన్నీ ఒకే తీరుగా, నేలకు పడుకోబెట్టి పెట్టే అలవాటు చేశారు, ధనవంతుడికీ పనివాడికీ తేడా లేకుండా. 1732లో ఈస్టర్ వేకువన అక్కడి యువకులు కొందరు ఆ సమాధుల దగ్గరే చేరి పాడుకున్నారు, ఈస్టర్ సూర్యోదయ ఆరాధన అలా మొదలైంది. మీరు అంత చేయలేకపోయినా, సమాధి కోసం అప్పు మాత్రం చేయకండి. పేరు, తేదీలు, ఒక వాక్యం చాలు. ఆగస్టీను తల్లి మోనికా చాలాకాలం సొంత దేశంలో భర్త పక్కనే సమాధి కావాలని కోరుకుని, చోటు కూడా సిద్ధం చేయించుకున్న మనిషి. 387లో ఓస్తియాలో మంచాన పడ్డప్పుడు, ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, ప్రభువు బల్ల దగ్గర మాత్రం నన్ను తలచుకోండి అని కొడుకులకు చెప్పింది.

చాలామంది మొదటి వారంలో వస్తారు, తర్వాత ఎవరూ రారు. పోయినవారి పేరు ఇంట్లో ఎత్తడానికి కూడా బంధువులు జంకుతారు, బాధ పెడతామేమోనని. పేరు ఎత్తండి. ఆరో నెలలో, మొదటి క్రిస్మస్‌కి, మొదటి పుట్టినరోజుకి ఫోన్ చేసి "ఈ రోజు ఆయన గుర్తొచ్చారు" అనండి. కూడిక కంటే ఈ ఫోనే ఎక్కువ ఆదరిస్తుందని నా నమ్మకం.

పిల్లలకు చెప్పేటప్పుడు

వాళ్లు అడిగేదాకా ఆగండి. కూర్చోబెట్టి చెప్తే పాఠం అవుతుంది, అడిగినప్పుడు చెప్తే కథ అవుతుంది. మూడు నాలుగు నిమిషాల్లో ముగించండి, చివర్లో "అందుకే నువ్వు కూడా బుద్ధిగా..." అని తగిలించకండి, తగిలించారంటే వాళ్లు మళ్లీ అడగరు. మీరు భయపడిన సంగతి, ఏడ్చిన సంగతి దాచకండి. వాళ్లకు చదవడం వస్తే నోట్‌బుక్‌లో ఒక పేజీ వాళ్ల చేతే చదివించండి, వాళ్ల సొంత పేజీ ఒకటి రాయించండి.

గుర్తును తీసేయాల్సిన రోజు

దీని గురించి ఎవరూ చెప్పరు గానీ ముఖ్యమైనది. మోషే అరణ్యంలో చేసిన ఇత్తడి సర్పం దేవుడు చెప్పగా చేసినదే, దాన్ని చూసి మనుషులు బతికారు. కొన్ని వందల ఏళ్ల తర్వాత జనం దానికి ధూపం వేస్తుంటే, హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు (2 రాజులు 18:4). గిద్యోను గెలుపు తర్వాత పోగైన బంగారంతో చేయించిన ఏఫోదు (యాజకులు వేసుకునే వస్త్రం) ఒఫ్రాలో అతనికీ అతని ఇంటివాళ్లకూ ఉచ్చు అయింది. రెండూ మంచి జ్ఞాపకం నుంచి పుట్టినవే.

మీ గుర్తు ఆ దారిలో వెళ్తోందని ఎలా తెలుస్తుంది? అది పోతే అరిష్టమేమో అని భయం పుట్టినప్పుడు, దాని దగ్గర ప్రార్థిస్తేనే జవాబు వస్తుందనిపించినప్పుడు, దాని కథ అడిగితే ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియకపోయినా దాన్ని కదపడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోనప్పుడు. సంఘాల్లో అయితే వ్యవస్థాపకుల కుర్చీ, వాళ్ల బైబిలు, వాళ్ల ఫొటో ఇలాగే మారుతుంటాయి, అక్కడ కదిపితే గొడవ గ్యారంటీ, కాబట్టి ముందు పెద్దలతో మాట్లాడి, ఆ జీవితం గురించి ఒక కూడికలో పూర్తిగా చెప్పించి, ఆ తర్వాతే తీయండి.

ఇంట్లో అయితే సులువు. అందరూ ఉన్న రోజు చూసి దాని కథ ఇంకొకసారి చెప్పండి, రాయనిది ఏమైనా ఉంటే నోట్‌బుక్‌లో రాయండి, వస్తువును తీసేయండి. విరగ్గొట్టాలా, పారేయాలా, ఎవరికైనా ఇవ్వాలా అన్నది మీ ఇష్టం. నోట్‌బుక్ మాత్రం ఎవరి చేతికి వెళ్లాలో ఇప్పుడే అనుకుని, మొదటి పేజీలో వాళ్ల పేరు రాసి, ఆ సంగతి వాళ్లకు చెప్పండి.